తాడు సడలితేనే గాలం దిగుతుంది

(ఒడిశాలోని గంజాం తీరపు తెలుగు మత్స్యకారులకు లాంగ్‌లైన్ సరంజామా గురించి ఇచ్చిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. గోపాలపురం, ఆర్జిపల్లి, మార్కండి, సోనాపురం వాళ్ళు కనబడుతున్నారు. ఇచ్చాపురం వైపు నుంచి కూడా కొందరు వచ్చినట్టున్నారు. ముందుకొచ్చి కూర్చోండి, సామాను దగ్గరగా చూస్తేనే అర్థమవుతుంది. వల గురించి ఈ ఊళ్ళలో ఎవరికీ ఎవరూ చెప్పక్కర్లేదు. నేను చెప్పేది గాలాల తాడు గురించి, లాంగ్‌లైన్ అంటున్నామే, దాని గురించి. అందులోనూ నీటి మధ్యలో వేలాడుతూ నీటివాటుకి, అంటే సముద్రపు ప్రవాహానికి, కొట్టుకుపోయే రకం గురించే ఎక్కువ చెబుతాను. సూర చేపకి, అంటే పసుపు రెక్కల ట్యూనాకి వేసేది అదే.

ఈ వేటకి కొత్తగా దిగినవాళ్ళు చేప పడకపోతే ముందు చేసే పని గాలాలు పెంచడం. నూరు వేసినవారు రెండొందలు వేస్తారు. ఎర ఖర్చు రెట్టింపవుతుంది, చేప మాత్రం పెరగదు. గాలం ఏ లోతున ఉందో తెలియకుండా లెక్క పెంచితే చేప లేని నీళ్ళలో ఇంకో నూరు గాలాలు వేలాడతాయి, అంతే. ఆ లోతుని మనం కొలిచి పెట్టుకోవచ్చు. దానికి యంత్రం కూడా తప్పనిసరి కాదు.

ముందు సామాను. ఇది తల్లి తాడు, 3 మిల్లీమీటర్ల నైలాన్ కంగూసు, అంటే ఒకే పోగుగా ఉండే తాడు. దీన్నుంచి కిందికి వేలాడేవి పిల్ల తాళ్ళు. పైన తేలే బెండుని తల్లి తాడుకి కలిపేది బెండు తాడు. రెండు బెండ్ల నడుమ భాగాన్ని ఒక బుట్ట అంటాం. ఒక్కో బుట్టకి ఐదు గాలాలు అనుకుందాం. చిన్న బోటుకి అది చాలు.

తల్లి తాడుకి నైలానే ఎందుకు? సముద్రపు నీటి సాంద్రత 1.02 పైన ఉంటుంది. నైలాన్‌ది 1.14. కాబట్టి మెల్లగా మునుగుతుంది. ఇంట్లో పడి ఉంది కదా అని పాలీప్రొపిలీన్ తాడు వాడేవాళ్ళున్నారు. దాని సాంద్రత 0.91, అది తేలే సరుకు. దానికి ఎన్ని గాలాలు కట్టినా పై నీళ్ళలోనే ఈడ్చుకుంటూ తిరుగుతాయి. పాలియెస్టర్ 1.38, గబుక్కున దిగుతుంది. అడుగున పరిచే తాడుకి అది బాగుంటుంది గానీ దీనికి అక్కర్లేదు.

మందం విషయంలో ఒక్కటే సూత్రం. బలహీనమైన ముక్క ఎప్పుడూ గాలం వైపే ఉండాలి. తల్లి తాడు 3 మి.మీ. అయితే పిల్ల తాడు 2, గాలం దగ్గర చివరి రెండు మీటర్లు 1.8. పెద్ద సొర పడి లాగినా, ఏ బండకో పట్టినా, తెగేది గాలం దగ్గర తెగాలి. తల్లి తాడు తెగితే పోయేది ఒక గాలం కాదు, అటువైపున్న మొత్తం సామాను. ఉక్కు తీగ కట్టొచ్చా అని అడుగుతారు. తీగ కడితే సొరలు కొరికి తప్పించుకోలేవు, సొరలే ఎక్కువ పడతాయి. వాటిలో చట్టం ముట్టుకోవద్దన్న రకాలూ ఉన్నాయి. కంగూసే కట్టండి. కొరికి పోయేది పోనివ్వండి.

ఇప్పుడు అతుకు. ముడి వేసిన చోట కంగూసు బలం మూడో వంతు నుంచి సగం దాకా పోతుంది. అందుకే పిల్ల తాళ్ళకి ముడులు మానేసి స్లీవు, అంటే చిన్న లోహపు గొట్టం, తొడిగి నొక్కుతాం. తాడు మందానికి సరిపడే స్లీవే తీసుకోవాలి. వదులుగా ఉన్నదాన్ని గట్టిగా నొక్కి సరిపెట్టుకోవడం కుదరదు. తాడు కొసని ముందు సిగరెట్ లైటరుతో తాకించి చిన్న పూసలా చెయ్యండి. స్లీవులోంచి పోనిచ్చి, గాలం కంట్లోంచి తిప్పి, మళ్ళీ స్లీవులోకి తెచ్చి, ఆ పూస స్లీవు బయట ఒకటి రెండు మిల్లీమీటర్లు కనబడేలా ఉంచి నొక్కాలి. నొక్కేది నడిమి భాగమే. రెండు అంచుల దగ్గర మిల్లీమీటరు చొప్పున నొక్కకుండా వదలండి. అంచు దాకా నొక్కితే ఆ లోహపు అంచే కత్తిలా తాడుని కోస్తుంది. చేప పడి పోయిన పిల్ల తాడు తిరిగొచ్చినప్పుడు దాని కొస చూడండి. స్లీవు దగ్గర నున్నగా కోసినట్టు తెగి ఉంటే తప్పు మన నొక్కుడుది. చీలికలు పీలికలుగా తెగి ఉంటే సొర పళ్ళు. కొస వంకరలు తిరిగి, చివర పూస అలాగే ఉంటే స్లీవులోంచి జారిపోయింది, అంటే స్లీవు కొలత తప్పు. ప్రతి తెగుడూ కారణం చెప్పే పోతుంది, చూసేవాళ్ళు చూడాలి.

గాలం కంటికి తాడు రాపిడి తగలకుండా చిన్న ప్లాస్టిక్ గొట్టం ముక్క తొడగాలి. పైసల్లో పని.

పిల్ల తాడు పై కొసకి తల్లి తాడుని పట్టుకునే క్లిప్పు, దానికి స్వివెల్, అంటే గిర్రున తిరిగే లోహపు కీలు. స్వివెల్ తిరగకపోతే చేప గింజుకున్నప్పుడు పిల్ల తాడు తల్లి తాడుకి మెలిపడిపోతుంది. ప్రతి ట్రిప్పు తర్వాత మంచినీళ్ళతో కడగండి, వేలితో తిప్పి చూడండి, బిగుసుకున్నది తీసిపారెయ్యండి. క్లిప్పు మీద ఎంత మందం తాడుకి పనికొస్తుందో కొలత ఉంటుంది. 4 మి.మీ. తాడుకి చేసిన క్లిప్పుని 3 మి.మీ. తాడుకి పెడితే అది నిలవదు, జారుతుంది. ఐదు గాలాలూ జారి జారి బుట్ట అడుగున ఒక్కచోట పోగవుతాయి. తీసేటప్పుడు అదంతా ఒక ముద్దగా వస్తుంది. ఆ ముద్ద చూసి సముద్రాన్ని తిట్టుకుంటారు గానీ, అది ఒడ్డున క్లిప్పులు కొన్నప్పుడే పడిన ముద్ద.

గాలం సంగతి. పాత పద్ధతి జె ఆకారం గాలం మొన నిటారుగా పైకి ఉంటుంది, చేప మింగితే గొంతులో దిగుతుంది. గుండ్రటి గాలానికి మొన లోపలికి, కాడ వైపు అడ్డంగా తిరిగి ఉంటుంది. చేప మింగి పక్కకి తిరిగేసరికి అది జారుకుంటూ వచ్చి మూతి మూలన, దవడకి పడుతుంది. దవడకి పడిన చేప బతికి ఉంటుంది, రంగు బాగుంటుంది, తప్పించుకోవడం కూడా తక్కువ. సూరకి 14/0 నుంచి 16/0 సైజు. తాబేళ్ళు తిరిగే నీళ్ళయితే 16/0కి తగ్గకండి, మరీ పెద్ద గాలం వాటి నోట్లో పట్టదు. ఎర గుచ్చేటప్పుడు గాలం నోరు, అంటే మొనకీ కాడకీ మధ్య ఖాళీ, నిండిపోకూడదు. చేప ఎరని కళ్ళలోంచో వీపు కండలోంచో ఒక్కసారి గుచ్చి వదిలెయ్యండి. రెండుసార్లు మడిచి గుచ్చితే గుండ్రటి గాలం పని చెయ్యదు.

ఎర 80 నుంచి 120 గ్రాముల మధ్య ఉండాలి. కానాగంతలు, కవళ్ళు, స్క్విడ్, ఏదైనా సరే, తాజాగా గడ్డకట్టించినది. పూర్తిగా కరిగిన ఎర మెత్తబడి నీళ్ళు తగలగానే ఊడుతుంది. సగం కరిగినప్పుడు గుచ్చాలి, పైన కాస్త ఉప్పు చల్లితే కండ బిగుస్తుంది. స్క్విడ్ గాలం మీద గట్టిగా నిలుస్తుంది. కానీ తాబేలు దాన్ని గాలంతో సహా మింగుతుంది. చేప ఎరనైతే కొరికి కొరికి తింటుంది, గాలం మింగడం తక్కువ. మన తీరానికి చేప ఎరే మేలు.

ఇప్పుడు అసలు సంగతి, లోతు. పలక మీద గీస్తున్నాను చూడండి.

పిల్ల తాళ్ళ మధ్య దూరం 40 మీటర్లు. ఐదు గాలాలకి ఆరు ఖాళీలు, అంటే ఒక బుట్టకి 240 మీటర్ల తల్లి తాడు. బెండు తాడు 20 మీటర్లు, పిల్ల తాడు 15. పిల్ల తాడు ఎప్పుడూ తమ మధ్య దూరంలో సగానికి తక్కువే ఉండాలి, లేకపోతే పక్కపక్కవి అల్లుకుంటాయి. ఇక్కడ సగం 20, మనది 15, ఫరవాలేదు.

ఈ 240 మీటర్ల తాడుని బిగుతుగా లాగి వేశారనుకోండి. బెండ్లు 240 మీటర్ల దూరంలో పడతాయి, తల్లి తాడు బెండు తాడు చివరన అడ్డంగా సాగి ఉంటుంది. గాలాలన్నీ 20, 15 కలిపి 35 మీటర్ల దగ్గర, మన లెక్కలో 19 బారల దగ్గర నిలబడతాయి. అంతకంటే దిగవు. మనవాళ్ళు ఎక్కువమంది వేస్తున్నది ఇలాగే.

అదే 240 మీటర్ల తాడుని బెండ్లు 192 మీటర్ల దూరంలోనే పడేలా వేస్తే, మిగిలిన 48 మీటర్లు గుమ్మానికి కట్టిన తోరణంలా కిందికి సాగుతాయి. 192ని 240తో భాగిస్తే 0.8. ఈ లెక్కకి తాడు నడుమ 64 మీటర్లు వంగుతుంది. బెండు తాడు, పిల్ల తాడు కలుపుకుంటే నడిమి గాలం 99 మీటర్లు, సుమారు 54 బారలు. దాని పక్కన చెరోవైపు ఉన్నవి 89 మీటర్లు. బెండుకి దగ్గరగా ఉన్న చివరి రెండూ 66 మీటర్లు. చూశారా, ఒకే బుట్టలో మూడు లోతులు వచ్చాయి. ఏ చేప ఏ గాలానికి పడిందో పుస్తకంలో రాసుకుంటే ఆ రోజు చేప ఏ లోతున తిరుగుతోందో బయటపడుతుంది. మూడో నంబరుకే పడుతున్నాయంటే ఇంకా లోతుకి దించాలి. ఒకటి, ఐదుకే పడుతున్నాయంటే పైకి తేవాలి.

పైకి తేవడం ఎలా? సడలింపు తగ్గించండి. 0.9 చేస్తే, అంటే బెండ్లు 216 మీటర్ల దూరంలో పడితే, వంపు 46 మీటర్లే. నడిమి గాలం 81 మీటర్లకి వస్తుంది. ఇంతా చేసి ఒక బుట్టకి 24 మీటర్ల తేడా, కానీ గాలం 18 మీటర్లు లేచింది. ఇవన్నీ నీరు కదలకుండా ఉన్నప్పటి లెక్కలు. నీటివాటు ఉంటే తాడు పక్కకి వాలి లోతు ఇంకొంత తగ్గుతుందే గానీ పెరగదు. నీళ్ళు 150 మీటర్ల లోతు లేనిచోట ఈ కొలత వెయ్యకండి, గాలాలు అడుగున పడి చిక్కుకుంటాయి.

లోతుకి ఎందుకింత పాకులాట అంటే, బంగాళాఖాతంలో వర్షాలయ్యాక మహానది, గంగ, గోదావరి తెచ్చిన తేలికపాటి తీపి నీరు పైన పొరలా నిలుస్తుంది. దాని కింద నీరు ఒక్కసారిగా చల్లబడే మెట్టు ఉంటుంది. ఇంకా కిందికి పోతే ఆక్సిజన్ తగ్గిపోతుంది, సూర అక్కడ ఎక్కువసేపు ఉండలేదు. పగటిపూట ఆ మెట్టు దగ్గరే మేత వెతుకుతుంది. మన గాలం ఆ పైనా ఉండకూడదు, మరీ కిందా ఉండకూడదు.

[సభలోంచి ప్రశ్న: మనది ఫైబర్ బోటు అన్నా, తాడు విసిరే మిషను లేదు. చేత్తో ఇంత కొలత ఎలా వస్తుంది?]

వస్తుంది తమ్ముడూ. బోటు 4 నాట్లతో నడపండి. 4 నాట్లంటే సెకనుకి 2 మీటర్ల పైచిలుకు. 192 మీటర్లు పోవడానికి 93 సెకన్లు. దాన్ని ఆరు ఖాళీలతో భాగిస్తే పదిహేనున్నర సెకన్లకి ఒక క్లిప్పు. ఫోనులో ఆ లెక్కకి బీప్ పెట్టుకోండి. తల్లి తాడు మీద ప్రతి 40 మీటర్లకి రంగు పూసి ఉంచండి. ఒకరు ఎర గుచ్చి ఇస్తారు, ఒకరు క్లిప్పు పెడతారు, మూడో మనిషి చేసేది ఒకటే, తాడు లాగి నీళ్ళలోకి పడెయ్యడం. బీప్ నుంచి బీప్‌కి బోటు 32 మీటర్లు పోతుంది, తాడు 40 పోవాలి. అంటే ఒక్కో క్లిప్పుకి 8 మీటర్లు, నాలుగు బారల పైచిలుకు, అదనంగా చేత్తో వదలాలి. రంగు గుర్తు బీప్ కంటే ముందే చేతికి వస్తే బాగానే వదులుతున్నట్టు. వెనకబడితే తాడు బిగుస్తోంది.

ఇక్కడ సరంగు, అంటే బోటు నడిపేవాడు, చేసే తప్పు ఒకటుంది. తొందరగా అయిపోతుందని 4 నుంచి 5 నాట్లకి పెంచుతాడు. ఆ పదిహేనున్నర సెకన్లలో బోటు సరిగ్గా 40 మీటర్లు పోతుంది. సడలింపు మొత్తం పోయింది, గాలాలు మళ్ళీ 35 మీటర్లకి వచ్చేశాయి. వెనకున్న కళాసీకి ఆ సంగతి తెలియదు, తాడు గట్టిగా లాగుతోందని మాత్రం తెలుస్తుంది. అందుకని వేసేంతసేపూ వేగం చెప్పే బాధ్యత ఒకరికి ఇవ్వండి. నలభై బుట్టలు, రెండొందల గాలాలు వెయ్యడానికి గంటా రెండు నిమిషాలు పడుతుంది. తాడు మొత్తం 9,600 మీటర్లు. 3 మి.మీ. కంగూసు ఆ పొడవున 77 కిలోలు తూగుతుంది, దాన్ని చుట్టే రీలు బరువు వేరు. ముందు పది బుట్టలతో చెయ్యి కుదిరాక పెంచుకోండి.

వేసే దిశ కూడా చూసుకోవాలి. నీటివాటుకి అడ్డంగా వెయ్యాలి. దాని వెంబడే వేస్తే ఒక కొస ఆగి ఇంకో కొస దగ్గరకొచ్చి బుట్టలు మడతపడతాయి. మన తీరంలో ఫిబ్రవరి నుంచి మే దాకా వాటు ఉత్తరానికి, పూరీ వైపు లాగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి, శ్రీకాకుళం వైపు. రెండు కాలాల్లోనూ ఒడ్డు నుంచి లోపలికి సాగే గీత మీద వేస్తే దాదాపు అడ్డంగానే వస్తుంది. జీపీఎస్ చూపించే వేగం నేల లెక్క అని గుర్తుంచుకోండి. వాటుకి ఎదురో వెంబడో పోతున్నప్పుడు తాడు చూసే వేగం వేరు.

రెండు కొసలకీ, ప్రతి పది బుట్టలకీ జెండా కర్ర ఉండాలి. వెదురు గడ, కింద బరువు, నడుమ బెండు, పైన జెండా. రాత్రి ఉంటే మిణుకు లైటు. సూరకి తెల్లవారుజామున వేసి, మూడు నాలుగు గంటలు వదిలి తియ్యడం మామూలు. ఇంకా వదిలితే చచ్చిన చేపని సొరలు, స్క్విడ్‌లు తినేస్తాయి. ఎక్కడ వెతకాలన్నదానికి హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే చేపల జాడ సమాచారం చూడండి, సూరకి విడిగా కూడా ఇస్తుంది. ఆ తీపి నీటి పొర పైన ఉన్నప్పుడు పైనున్న నీటి వేడి మాత్రం చూసి లోతు నిర్ణయించకండి.

తీసేటప్పుడు తాడు బోటు ముందు భాగం నుంచి పక్కకి కోణంలో రావాలి. నిట్టనిలువుగా కిందికి ఉందంటే బోటు తాడు మీదికి ఎక్కింది, ఇంజను న్యూట్రల్‌లో పెట్టకపోతే ఫ్యాన్‌కి చుట్టుకుంటుంది. తాడు బిగుసుకుంటే లాగకండి, బోటుని తాడు వైపుకి తీసుకెళ్ళండి. లాగితే తెగుతుంది. పిల్ల తాడు మీద సీసం గుండు ఉంటే, తెగినప్పుడు ఆ గుండు తుపాకీ గుండులా వెనక్కొస్తుంది. కళ్ళు పోయిన వాళ్ళున్నారు. పిల్ల తాడు వరసలో ఎవరూ నిలబడకూడదు, కళ్ళద్దాలు పెట్టుకోవాలి. చేప పక్కకొచ్చాక గాఫ్, అంటే కొక్కెం ఉన్న కర్ర, తలకే వెయ్యాలి. పొట్టకి వేస్తే అక్కడే ధర సగం పోతుంది.

పైకొచ్చిన సూర పని నిమిషాల మీద జరగాలి. గింజుకున్న సూర ఒళ్ళు సముద్రం కంటే వేడిగా ఉంటుంది, కండ లోపల ఉడికినట్టు పాలిపోతుంది. కళ్ళ మధ్య మెత్తటి చోట మొన దింపి మెదడు ఆపండి. రొమ్ము రెక్క వెనక మూడు వేళ్ళ దూరంలో, రెండు వైపులా, రెండు సెంటీమీటర్ల లోతు కోసి నెత్తురు పోనివ్వండి. మొప్పలు, పేగులు తీసి, కడిగి ఐసు నీళ్ళలో దించండి. ఐసు లెక్క: 30 డిగ్రీల చేపని సున్నాకి తేవడానికి కిలో చేపకి దాదాపు 300 గ్రాముల ఐసు కరుగుతుంది. కానీ పెట్టె గోడల్లోంచి, ఎండలోంచి వచ్చే వేడికి కరిగేది దానికంటే ఎక్కువ, కాబట్టి కిలోకి కిలో తక్కువ కాకుండా పట్టుకెళ్ళాలి. బరంపురం నుంచి తెచ్చిన ఐసు దారిలో ఎంత కరిగిందో అది కూడా కలుపుకోండి. చల్లబడని సూర కండలో హిస్టమిన్ అనే విషం పుడుతుంది. తర్వాత వండినా, గడ్డకట్టించినా అది పోదు. తిన్నవాళ్ళకి ఒళ్ళు ఎర్రబడి దద్దుర్లు వస్తాయి. ఎగుమతి చేసిన సూర దీనివల్ల కూడా వెనక్కొస్తుంది.

తాబేళ్ళ గురించి. మన ఋషికుల్య నది నోటి దగ్గర గుడ్లు పెట్టడానికి లక్షల్లో వచ్చే రిడ్లీ తాబేళ్ళు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ నోటి ఎదురుగా 20 కిలోమీటర్ల లోపు యంత్రాల బోట్లకి వేట నిషేధం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరం మొత్తానికి 61 రోజుల నిషేధం వేరే. ఆ సంగతులు మీకు తెలిసినవే. గాలాల విషయంలో తెలియాల్సింది, తాబేలు ఎక్కువగా పట్టుకునేది బెండుకి దగ్గరగా ఉన్న ఒకటి, ఐదు నంబర్లనే. తాబేళ్ళు కనబడే నీళ్ళలో ఆ రెండూ కట్టకుండా వదిలెయ్యండి, బుట్టకి మూడు గాలాలే వస్తాయి, పట్టు పెద్దగా తగ్గదు.

పడితే తాడుతో పైకి లాగకండి, గాలం లోపలికి దిగుతుంది. చేతి వలతో ఎత్తండి. గాలం కనబడితే మొన కోసి వెనక్కి తియ్యండి. మింగేసి ఉంటే తాడుని నోటికి వీలైనంత దగ్గరగా కత్తిరించి వదిలెయ్యండి, లోపల గెలకొద్దు. స్టీలు గాలం ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది, మామూలు ఇనుప గాలం తుప్పు పట్టి ఊడిపోతుంది. అందుకే స్టీలు కొనొద్దంటాను. కదలకుండా పడి ఉంటే చచ్చిందనుకోవద్దు. బోర్లా పడుకోబెట్టి, వెనక భాగం జానెడు ఎత్తు పెట్టి, నీడలో తడిగుడ్డ కప్పి ఉంచండి. నీళ్ళు కక్కి లేవడానికి కొన్నిసార్లు రోజు దాకా పడుతుంది. తర్వాత ఇంజను ఆపి, తల ముందుగా దించండి.

[సభలోంచి ప్రశ్న: అడుగున పరిచే తాడు గురించి చెప్పలేదు.]

దానికి ఈ లెక్కలేవీ అక్కర్లేదు మావయ్యా. పిల్ల తాడు అర మీటరు నుంచి మీటరు, మధ్య దూరం రెండు మీటర్ల పైన. యాభై గాలాలకొక రాయి, రాళ్ళ నడుమ చిన్న బెండు. ఆ బెండు లేకపోతే ఎర నేల మీద పడుంటుంది, పీతలు తినేస్తాయి. రెండు కొసలకీ లంగరు. రెండు మూడు గంటలకి మించి వదలొద్దు.

ఇక బయటికి రండి. టేబుల్ మీద స్లీవులు, నొక్కే పట్టకారు, రెండు కొలతల కంగూసు ఉన్నాయి. ఒక్కొక్కరు మూడేసి అతుకులు వెయ్యండి. కొక్కేనికి తగిలించి, అవతలి కొసకి ఇసక బస్తా వేలాడదీసి ఏది జారుతుందో, ఏది తెగుతుందో చూద్దాం.